పుల్లకు చుట్టుకున్న దారాలు

"దీనికి కోపం ముక్కు మీద, సబ్బు చేతిలో ఎప్పుడూ ఉంటాయి" అని మా అమ్మ నా గురించి ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. అబద్ధమేం కాదు. ఈ రెండు గుణాలనూ మూట కట్టుకునే తొంభైల చివర్లో కొండెక్కాను. విజయనగరం పక్క పల్లపు ఊళ్ళో పుట్టినదాన్ని. అరకు లోయ దాటి ఇంకా లోపలికి, జీపులో నడుములు విరిగేంత దూరంలో ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. ఆ ఊరి పేరు చెప్పను. తప్పు నాది, ఊరిది కాదు.

ల్యాబు అంటే ఏదేదో ఊహించుకోకండి. ఒక గది, ఒక కిటికీ, కిటికీ వెలుతురును చిన్న అద్దంతో పట్టుకునే మైక్రోస్కోపు, ఒక చెక్క బల్ల. పని అంటే మలేరియా స్లైడులు. చలిజ్వరంతో వచ్చినవాళ్ళ వేలు పొడవడం, చుక్క తీయడం, రంగు వేయడం, చూడడం. ఆ కొండల్లో నేను చూసినన్ని రక్తపు చుక్కలు మా పల్లంలో ఏ కసాయివాడూ చూసి ఉండడు. అయినా రక్తం గురించి నాకేమీ తెలియదన్న సంగతి తెలియడానికి రెండు మూడేళ్ళు పట్టింది.

అక్కడ కుళాయి లేదు. కింద లోవలో ఒక ఊట ఉండేది. ల్యాబుకి రోజుకో బిందె నీళ్ళు మా ఆయమ్మ మోసుకొచ్చేది. ఆయమ్మ అంటే ఆసుపత్రిలో తుడిచి, కడిగి, పురుళ్ళప్పుడు సిస్టరుకి సాయం చేసే మనిషి. ఆ పక్క గూడెమే ఆమెది. నా కన్నా ఇరవై ఏళ్ళు పెద్దది. మోకాళ్ళ నొప్పులు. బిందె దింపినప్పుడల్లా "ఓలమ్మ" అని గోడ పట్టుకుని నిలబడేది.

మొదట్లో టెస్ట్ ట్యూబులు కూడా ఆమే కడిగేది. ఎలా కడిగేదనుకున్నారు? ఉత్త నీళ్ళతో నాలుగుసార్లు గలగలలాడించి, ఎండలో బోర్లించేది. అంతే! చూసిన మొదటి రోజే నా ఒళ్ళు మండింది.

"ఇదేం కడగడం ఆయమ్మా? సబ్బు లేదు, బ్రష్షు లేదు. పశువుల కుడితి గోలెం కూడా ఇంతకన్నా బాగా కడుగుతారు మా ఊళ్ళో!"

"నీళ్ళు పోతే మురికి పోద్ది గదమ్మా" అంది ఆమె, నొచ్చుకోకుండా.

"పోదు. ఇకనించి వీటిని నువ్వు ముట్టుకోవద్దు."

ఆ రోజు నుంచి ట్యూబుల పని నాదే. సబ్బుపొడి నురగ కట్టేలా కలిపి, బ్రష్షుతో అడుగు దాకా తోమి, బిందెలో మిగిలిన నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసేదాన్ని. ఒక్కసారే. ఉన్నది ఒక బిందె, ఆ ముసలి మోకాళ్ళతో ఇంకోటి తెమ్మనడానికి నోరు రాలేదు. ఆ మాత్రం దయ ఉందిలెండి నాకు. ఎండలో పెడితే ట్యూబులు తళతళలాడేవి. స్టాండులో వాటిని చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఇలా ఉండగా కొత్త డాక్టరు వచ్చారు. కుర్రవాడే, కానీ పని తెలిసినవాడు. వచ్చిన వారంలోనే నన్ను పిలిచి పాముకాటుకి చేసే పరీక్ష ఒకటి చెప్పారు. "మెషీను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కాటు తిన్న మనిషి రక్తం రెండు మిల్లీలీటర్లు గాజు ట్యూబులో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచండి. తర్వాత వంచండి. గడ్డ కట్టిందా, రక్తం బాగానే ఉన్నట్టు. నీళ్ళలా కారిందా, విషం రక్తాన్ని విరిచేసినట్టు. అప్పుడు మందు ఎక్కించాలి. శుభ్రమైన, పొడిగా ఉన్న, కొత్త ట్యూబు వాడండి మేడమ్."

శుభ్రమట! ఎవరికి చెబుతున్నాడు ఈయన? 'కొత్త' అన్న మాట నేను పట్టించుకోలేదు. నా ట్యూబులు కొత్తవాటి కన్నా మెరుస్తాయి కదా. కొత్త ట్యూబుల పెట్టె ఒకటి సీలు కూడా విప్పకుండా బీరువాలో దాచాను. ఉన్నవి పగిలితే చూసుకుందాం లెమ్మన్న పొదుపు.

ఆ ఏడాది చోడి, అంటే రాగి, కోతలప్పుడు, పొద్దున్న పది గంటలకు, ఒక డోలీ వచ్చింది. దుప్పటి కర్రకి కట్టి ఇద్దరు మగవాళ్ళు మోసుకొస్తున్నారు. డోలీలో ఉన్నది మా ఆయమ్మ కూతురు. పెళ్ళయి ఏడాది దాటలేదు. చోడి కోస్తుంటే పాదం మీద రక్తపింజరి కరిచింది. మోస్తున్నవాళ్ళలో ముందున్నవాడు ఆమె మొగుడు. పామును తను కళ్ళారా చూశానని, ఒంటి మీద గొలుసులా మచ్చలున్నాయని ఒకటే చెబుతున్నాడు. ఆయమ్మ చీపురు చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

పిల్ల పాదం అప్పటికే మోకాలి దాకా వాచింది. నోరు తెరిస్తే చిగుళ్ళ వెంట ఎర్రగా కారుతోంది. నేను రక్తం తీసి, నా మెరిసే ట్యూబులో పోసి, గడియారం చూసుకున్నాను. ఇరవై నిమిషాలయ్యాక వంచితే, నీళ్ళలా జారింది.

చిగుళ్ళ రక్తం చూశాక డాక్టరు గారికి అనుమానం ఏమీ లేదు. మా దగ్గర విషం విరుగుడు సీసాలు ఇరవై ఉన్నాయి. పది సెలైన్‌లో కలిపి ఎక్కించారు. సగం ఎక్కేసరికి పిల్ల వణికిపోవడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతులో పిల్లికూతలు, పెదాలు నీలంగా. ఆ మందు కొందరికి పడదు. డాక్టరు గారు సెలైన్ ఆపి, తొడలో వేరే ఇంజెక్షన్ ఇచ్చి, గంటసేపు మంచం వదల్లేదు. ఎలాగో ఊపిరి కుదుటపడింది. మళ్ళీ మెల్లగా మిగతా మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి చిగుళ్ళు ఆరాయి. పిల్ల నీళ్ళడిగింది. అమ్మయ్య అనుకున్నాను.

ఆరు గంటల తర్వాత మళ్ళీ పరీక్ష చేయాలన్నారు. సాయంత్రం నాలుగున్నరకి ఇంకోసారి రక్తం తీశాను. స్టాండులోంచి ఇంకో ట్యూబు, ఇంకో ఇరవై నిమిషాలు. వంచాను. జారింది. పొద్దున్న ఎలా జారిందో అలాగే.

డాక్టరు గారు ట్యూబు అందుకుని వెలుతురుకి ఎత్తి చూశారు. ఆయన బయటకొచ్చి నాతో, సిస్టరుతో గొంతు తగ్గించి అన్నారు. "మిగిలిన పదీ ఎక్కించాలి. ఎక్కిస్తే ఈసారి ఆ పిల్ల తట్టుకుంటుందన్న నమ్మకం నాకు లేదు. ఎక్కించకపోతే లోపల ఎక్కడ రక్తం కారుతుందో తెలియదు." జీపు పొద్దున్నే ఒక కష్టమైన కాన్పు కేసును ఎస్.కోట ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు. వచ్చినా ఘాటు రోడ్డు దిగాలి. అటు నుయ్యి ఇటు గొయ్యి అంటారే, అది. ఆయన పెదవి కొరుక్కుని, "కలపండి సిస్టర్" అన్నారు.

అప్పుడు ఆయమ్మ నా కొంగు పట్టి లాగింది. చేతిలో స్టీలు ట్రే. రక్తం తీశాక సూదినీ సిరంజినీ అందులో పెట్టాను, కొంచెం రక్తం ఒలికింది. కడగడానికి తీసుకెళ్ళి, కడక్కుండా వెనక్కి తెచ్చింది.

"ఏటమ్మా, గడ్డకట్టనేదంతన్నారు. మరి ఇదేటి?"

"ఆయమ్మా, ఇప్పుడు కాదు. అది గాలికి ఎండిపోయి ఉంటుంది."

"ఎండిపోతే పొలుసు కడతాది. ఇది సూడు, సల్లారిన అంబలి లాగ వొణుకుతంది." చీపురు పుల్లతో అంచున పైకెత్తింది. ఎర్రటి ముద్ద ఒకటే ముక్కగా లేచి, పుల్లకి వేలాడింది. కింద పలచటి పసుపు నీరు మిగిలింది. "ఎన్ని మేకలు కోసినాం, నాకు తెల్దా? నా కూతురు గుంట రత్తం కట్టింది. ఆ మందు ఒద్దని సెప్పు. బేగి సెప్పమ్మా!"

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకాన్ని నేను. ఇంకో రోజైతే ఆమెని కసిరి పంపేదాన్నే. కానీ ఆ ముద్ద అలా వేలాడుతుంటే నా కళ్ళు స్టాండు వైపు తిరిగాయి. తళతళలాడుతున్న ట్యూబులు. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మల్లెపూల సబ్బు వాసన.

"సార్, ఆగండి" అని అరిచాను.

బీరువా తెరిచి సీలు చించి కొత్త ట్యూబు తీశాను. ఆ పిల్ల దగ్గరకెళ్ళి మూడోసారి సూది గుచ్చాను. ఆమె విసుక్కోలేదు, కళ్ళు తెరిచి నన్నే చూసింది. రక్తం పోసి ట్యూబును బల్ల మీద నిలబెట్టాను. డాక్టరు గారు మందు కలపడం ఆపించి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఆ ఇరవై నిమిషాలు నేను మర్చిపోలేను. నిమిషానికోసారి నా చెయ్యి దానంతటదే ట్యూబు మీదకు పోయేది. ఆయమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "కదపకమ్మా. అల్లుకునీటప్పుడు కదిపితే అల్లుకోదు" అంది. నేను ఎవరికి మొక్కానో చెప్పలేను, గుర్తొచ్చిన వాళ్ళందరికీ మొక్కాను. కొండమీద వాళ్ళ అమ్మవారికి కూడా.

ఇరవై నిమిషాలయ్యాక డాక్టరు గారే తీసి వంచారు. కదల్లేదు. ఇంకా వంచారు. చివరికి పూర్తిగా తలకిందులు చేశారు. అయినా రక్తం ట్యూబు అడుగునే పట్టుకుని, అక్కడే ఉండిపోయింది. ఒక్క చుక్క రాలలేదు. అమ్మ బాబోయ్, ఏం పట్టు అది! ఇరవై నిమిషాల క్రితం సిరంజిలోంచి నీళ్ళలా దూకిన రక్తమేనా ఇది? రోజూ చూసేదాన్నే అయినా, ఆ క్షణం మొదటిసారి చూసినట్టు నా ఒళ్ళు జలదరించింది. ఆయమ్మ నేల మీద కూలబడి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రెండో విడత మందు ఎక్కించలేదు. పిల్ల వారంలో నడిచింది.

మర్నాడు డాక్టరు గారు నన్ను ఒక్కదాన్నే పిలిచి, "సబ్బా?" అని అడిగారు. తలూపాను. ఆయన కేకలేయలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. "గాజు తగిలితేనే రక్తానికి మెలకువ వస్తుంది మేడమ్. మధ్యలో సబ్బు పొర ఉంటే అది నిద్ర లేవదు" అన్నారు. పొద్దున్న పరీక్ష కూడా నమ్మడానికి లేదని, చిగుళ్ళు చూసి మందు ఇచ్చాను కాబట్టి సరిపోయిందని చెప్పారు. అంతకుముందు నా ట్యూబులు చూసి ఎవరెవరికి అక్కర్లేని మందు ఎక్కించామో, ఎవరిని ఘాటు దింపామో లెక్క తెలియదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కానీ బయట కథ వేరేగా పాకింది. "ల్యాబమ్మ గాజులో సూసి గుంటని బతికించింది" అని గూడెమంతా చెప్పుకున్నారు. దారిలో కనిపించిన ముసలివాళ్ళు నాకు దండం పెట్టేవారు. నేను కాదనలేదు. నోరున్న మనిషినే, ఆ ఒక్కటీ చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. ఆయమ్మ ఏమీ అనలేదు. ఎప్పటిలాగే వచ్చేది, ఊడ్చేది. ఆ రోజుల్లోనే ల్యాబు గుమ్మం పక్కన ఇంకో బిందె నీళ్ళు కనబడసాగాయి. ఎవరో రోగుల కోసం పెట్టి ఉంటారులే అనుకుని, లోపలికొచ్చే ముందు మట్టి కాళ్ళు కడుక్కునేదాన్ని.

నెల తిరిగాక గూడెంలో మొక్కు తీర్చుకున్నారు. మేకను కోసి, నన్ను భోజనానికి పిలిచారు. నేను వెళ్ళేసరికి ఆయమ్మ పెరట్లో కూర్చుని, సత్తుగిన్నెలో అప్పుడే పట్టిన మేక రక్తాన్ని ఒక పుల్లతో గిరగిరా తిప్పుతోంది. ఆపకుండా తిప్పుతోంది.

"ఎందుకలా తిప్పుతున్నావు?"

"తిప్పకపోతే ముద్ద కట్టీసి కూరలో కలవదు. సూడు, కట్టీది ఎలగుంటాదో సూపిత్తాను."

పుల్ల పైకి తీసింది. పుల్ల చుట్టూ ఎర్రటి పీచు. జడపాయలా చుట్టుకుని ఉంది. గిన్నెలో మిగిలిన రక్తం మళ్ళీ గడ్డకట్టదట, ఎంతసేపు ఉంచినా. కట్టేదంతా పుల్లకి వచ్చేసింది. ఆయమ్మ ఆ పీచును పెరటి పక్కనే పారే గెడ్డ నీళ్ళలో పిసికి పిసికి కడిగింది. ఎరుపు పోయింది. ఆమె అరచేతిలో తెల్లటి దారాల గుత్తి మిగిలింది, మెత్తగా, తడిగా.

"పట్టుకో" అని నా చేతిలో పెట్టింది.

ఇన్నేళ్ళూ రక్తం అంటే ఎర్రటి నీళ్ళు అనుకున్నాను. మైక్రోస్కోపులో కణాలు లెక్కపెట్టాను. ఈ తెల్లదారాలు అందులోనే ఉన్నాయని నాకు ఎవరూ చూపించలేదు. రెండు వేళ్ళతో పట్టి లాగాను. మొదట మెత్తగా సాగింది. ఇంకొంచెం లాగితే బిగిసింది. ఇంకా లాగితే, లాగేకొద్దీ మొండికేసినట్టు, నా వేలికే ఎదురు లాగింది. వదిలితే చాలామటుకు వెనక్కి ముడుచుకుంది, కొంచెం మాత్రం సాగినట్టే ఉండిపోయింది. చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ లాగి చూస్తూ ఆ గెడ్డ ఒడ్డునే చతికిలబడ్డాను.

ఎందుకలా బిగుస్తుందో తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. విశాఖపట్నంలో మాకు ట్రైనింగు పెట్టినప్పుడు ఒక ముసలి ప్రొఫెసరు తెర మీద ఆ దారాల ఫోటో చూపించాడు. ఇవి పుల్లల్లా బిరుసు కాదు, నూలులా మెత్తనా కాదు, మధ్యరకం అన్నాడు. పచ్చి ఈతపుల్లలాగ వంగుతాయి గానీ మడత పడవు. ఒంటి వెచ్చదనానికి ఊరికే వణుకుతూ ఉంటాయి. లాగితే ముందు ఆ వంకరలన్నీ తిన్నగా అవుతాయి, అందుకే మొదట మెత్తన. తిన్నబడ్డాక లాగడానికి ఇంకేం మిగలదు, అందుకే ఆ బిగువు. కొన్నిచోట్ల ముడిపడతాయి. మిగతాచోట్ల ఉత్త రాపిడే. సంతలో జనం మధ్య ఇరుక్కున్న మనిషి పక్కకు పోలేక ముందుకే జరిగినట్టు, ఒక్కో దారం తన పొడుగు వెంటే జరగగలదు, అదీ పక్కవాటిని ఒరుసుకుంటూ. అలా జరిగినవి అన్నీ తిరిగి యథాస్థానానికి రావు. అన్నిటికన్నా వింత మాట చివర చెప్పాడు. గడ్డలో దాదాపు అంతా నీరేనట, కణాలేనట. దారం చిటికెడు. ఆ చిటికెడే మిగతా అంతటినీ తలకిందులుగా నిలబెడుతుందట. వెనక బెంచీలో కూర్చుని నేను కళ్ళు తుడుచుకున్నాను. పక్కావిడ, జలుబా అని అడిగింది.

ఆ రోజు గెడ్డ ఒడ్డున ఇవేవీ తెలియవు. ఆ తెల్లదారాలు నా వేళ్ళ మధ్య ఉన్నాయి, ఇలాంటివే ఆ పిల్ల లోపల అల్లుకున్నాయి, నేను మాత్రం అల్లుకోలేదని చెప్పాను. అంతే తెలుసు. గూడెంలో డప్పు మోగుతోంది. ఆయమ్మ కూతురు కొత్త చీర కట్టుకుని, కొంచెం కుంటుతూ, అందరికీ ఆకులు వేస్తోంది. నాకు ముందు వేసింది. ఇక పట్టలేకపోయాను.

"ఆయమ్మా, నీకో మాట చెప్పాలి. ఆ రోజు మీ పిల్లను నేను బతికించలేదు. చంపబోయాను. ట్యూబులో సబ్బు ఉండిపోయింది. అందుకే..."

"తెల్సమ్మా" అంది, నా చేతిలోంచి దారాలను తీసుకుని ఆకులో పెడుతూ.

"తెలుసా? ఎప్పుడు?"

"ఆ పొద్దే. నువ్వు గొట్టం వాసన సూసినప్పుడే."

"మరి ఒక్క మాట కూడా అనలేదేం? అందరి చేతా నాకు దండాలు పెట్టిస్తావేం?" నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తప్పు చేసినదాన్ని నేనే, కేకలేసేదీ నేనే. నా బతుకే అంత.

"ఏటంతాను? నువ్వు ఒక్కపాలే ముంచి తీసీదానివి. ఎందుకూ, నీళ్ళు సాలక. ఆ నీళ్ళు తెచ్చీది ఎవులు? నేనే గదా. మోకాళ్ళు నొప్పని ఒక్క బిందే తెచ్చీదాన్ని. రెండు తెత్తే నువ్వు సుబ్బరంగా తొలిసీదానివి." లేచి, పెరటి గోడ పట్టుకుని, మోకాలు రాసుకుంది. "అందుకే గదా, ఆ మర్నాటి నుండీ రెండు తెత్తన్నాను."

గుమ్మం పక్కన బిందె. నెల రోజులు రోజూ లోవలోకి దిగి, ఆ మోకాళ్ళతో మళ్ళీ ఎక్కి తెచ్చిన బిందె. నేను కాళ్ళు కడుక్కున్న నీళ్ళు.

మర్నాడు తెల్లవారగానే ఆమె కన్నా ముందు ఊటకి వెళ్ళాను. నిండు బిందె ఎత్తుకుని ఆ ఎక్కుడు ఎక్కడం అదే మొదటిసారి. మధ్యలో రెండుసార్లు దించాను.